వయోజన విద్య – అందవలసిన తీరు

అక్షరము రానివారిని అజ్ఞానులుగా భావించుట చదువుకొన్న మనకు అలవాటైపోయినది. సంతలో నోటిలెక్కతో బేరము తేల్చు రైతునకు, వేరుసెనగ తెగులును ఆకు చూచి గుర్తించు కూలి స్త్రీకి తెలివి లేదనగలమా? వయోజన విద్య ఆ తెలివిని గౌరవించి ఆరంభము కావలెను.

మన దేశమున జాతీయ వయోజన విద్యా కార్యక్రమము 1978 అక్టోబరు 2న ప్రారంభమైనది. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ ఏర్పడినది. 1990 దశకపు ఆరంభమున మన చిత్తూరు జిల్లాలో 'అక్షర తపస్మాన్' అను ఉద్యమము నడచినది. పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంటలో వాచకములోని సారా పాఠము స్త్రీలను కదిలించగా 1992లో గొప్ప ఉద్యమము రగిలినది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమున సారా నిషేధము వచ్చినది. బ్రతుకును తాకిన పాఠమునకు గల శక్తి అట్టిది.

అయినను కొందరికి చదువు అందుట లేదు. కారణములు పరిశీలింతము.

మొదటిది భాష. మన ముస్లిం కుటుంబములలో ఇంటిమాట దక్కనీ ఉర్దూ. బస్సు బోర్డు, రేషను కార్డు తెలుగు. అర్థము తెలిసి చదువను వ్రాయను గలవారినే జనాభా లెక్కలు అక్షరాస్యులుగా గుర్తించును. కావున బాల్యమున ఖురాన్ పఠనము మాత్రమే నేర్చిన స్త్రీ నిరక్షరాస్యురాలే. కాని గుర్తునకు ధ్వని కలదను మూలసూత్రము ఆమెకు తెలియును. ఆమె మాటలో వివరించి, ఆమె పేరుతో, వీధి పేరుతో తెలుగు అక్షరములు మొదలిడినచో సగము దారి గడచినట్లే.

రెండవది చూపు. నలుబదియేండ్లు దాటిన పిదప దగ్గరిచూపు మందగించుట సహజము. "నా బుర్రకెక్కదు" అనువారిలో కొందరికి కావలసినది కళ్ళజోడు.

మూడవది డిస్లెక్సియా. తెలివి చక్కగా ఉన్నను కొందరికి అక్షరములు పట్టుబడవు. ఇట్టి అభ్యసన వైకల్యమును 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించినది. పెద్ద అక్షరములు, చిన్న వాక్యములు, బిగ్గరగా చదివి వినిపించుట, ఇసుకలో వ్రేలితో దిద్దించుట వీరికి తోడ్పడును.

అన్నింటికంటె ముఖ్యము, అక్షరములు వచ్చువరకు వృత్తిశిక్షణను ఆపరాదు. కుట్టుపనిని చేసి చూపవచ్చును; కొలత టేపుపై అంకెలే తొలి పాఠమగును. పాలకేంద్రపు చీటీ చదువగలిగిన స్త్రీకి తన రూపాయల లెక్క తన చేతిలో ఉండును.

విద్యార్థులారా! 2022–27 కాలమునకు రూపొందిన 'ఉల్లాస్' కార్యక్రమము పదునైదేండ్లు దాటిన నిరక్షరాస్యుల కొరకు స్వచ్ఛంద సేవకులనే నమ్ముకొన్నది. మీ వీధిలో వేలిముద్ర వేయు ఒక్కరి ప్రక్కన కూర్చుండుడు. ముందు వారి మాట వినుడు. పిదప పలక అందింపుడు.