పాత తుపాకి, తుపాకిమందు: ఒక రసాయనిక పరిశీలన

వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌కు పిల్లలతో వెళ్ళివచ్చిన మన కుటుంబాలకు ఈ దృశ్యం పరిచితమే. పాతకాలపు దుస్తులు ధరించిన వ్యక్తి పొడవాటి తుపాకి గొట్టంలోనికి మూతి నుండి మందు పోసి, కడ్డీతో దట్టించి, గురిపెట్టి మీట నొక్కుతాడు. ఢామ్మనే శబ్దం, తెల్లని దట్టమైన పొగ, దాని వెంట అచ్చంగా దీపావళి వాసన! గోలకొండ బురుజు మీది ఫిరంగి అయినా, ఈ తుపాకి అయినా దట్టించే పద్ధతి ఒక్కటే; అందులోని మందూ ఒక్కటే.

అమెరికాలో ఈ తుపాకులను సేకరించడం, వాటితో గురి చూసి కాల్చడం చాలామందికి ప్రియమైన వ్యాసంగం. 1933లో ఏర్పడిన నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్‌కు ఇండియానా రాష్ట్రంలో ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊరు కేంద్రం. స్కౌట్లలో చేరిన పిల్లలు కూడ రైఫిల్ బాడ్జీ కోసం ఈ తుపాకిని ఎన్నుకొనవచ్చును. మనవారిలోనూ వేలంపాటలో ఒకటి కొని, చలిమంట గూటిపై అలంకారంగా వేలాడదీసినవారు లేకపోలేదు. అట్టివారు రెండు సంగతులు తప్పక తెలుసుకొనవలసి ఉన్నది. గోడ మీది పాత తుపాకి ఈనాటికీ ప్రాణాంతకం కావచ్చును. పేల్చిన తుపాకిని ముందుగా శుభ్రం చేయవలసినది నూనెతో కాదు, నీటితో. ఈ రెండింటికీ మూలం తుపాకిమందు స్వభావమే.

ఈ మందును ఆంగ్లంలో 'బ్లాక్ పౌడర్' అంటారు. దానిని మక్కికి మక్కి 'నల్లమందు' అని తెలుగు చేయడానికి వీలులేదు. ఆ పేరు ఏనాడో మరొక మత్తు వ్యాపారానికి వెళ్ళిపోయింది. కనుక తుపాకిమందు అనే అందాము. ఇది సమ్మేళనం కాదు, కేవలం మిశ్రమం. స్థూలంగా నూటికి 75 పాళ్ళు సురేకారం, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం. బొగ్గు ఇంధనం. గంధకం తక్కువ ఉష్ణోగ్రతలోనే నిప్పు అంటుకొనేటట్లు చేస్తుంది. సురేకారం, అనగా పొటాషియం నైట్రేట్, తనలోని ఆమ్లజనిని అందిస్తుంది. అందువల్లనే గాలి చొరబడని గొట్టం అడుగున కూడ ఈ మందు మండగలదు.

మూడింటిలో సంపాదించడానికి కష్టమైనది సురేకారం. మట్టిలోని సూక్ష్మజీవులు పశువుల మూత్రాది వ్యర్థాలను నైట్రేట్లుగా మారుస్తాయి. వేడి, తేమ, ఆపైన పొడి ఋతువు వరుసగా వచ్చే బీహారు నేలలలో ఆ లవణం పైకి తేలి తెల్లగా పేరుకొంటుంది. దానిని గీకి, నీటిలో కరగించి, కాచి తీసేవారు. 18వ శతాబ్దం ద్వితీయార్ధంలో ఆ వ్యాపారం ఈస్టిండియా కంపెనీ హస్తగతమైనది. ఆ తరువాత ప్రపంచంలో యుద్ధం చేయదలచినవారు ఎవరైనా బ్రిటన్ వైపు చూడవలసిన పరిస్థితి ఏర్పడినది.

అమెరికా అంతర్యుద్ధమే ఇందుకు నిదర్శనం. లవోజియే శిష్యుడైన ఇ. ఐ. డ్యూపాంట్ 1802లో డెలవేర్‌లోని బ్రాండీవైన్ ఏటి ఒడ్డున మందు కర్మాగారం స్థాపించాడు. ఆయన మనుమడు లామో డ్యూపాంట్ 1857లో చిలీ దేశపు సోడియం నైట్రేట్‌తో మందు తయారుచేసే విధానానికి పేటెంటు పొందాడు. కాని సోడియం లవణం చెమ్మను పీల్చుకొంటుంది. గనులలో రాళ్ళు పగులగొట్టడానికి చాలును గాని తుపాకులకు పనికిరాదు. అందుచేత 1861 చివర లింకన్ ప్రభుత్వం అతనినే రహస్యంగా లండన్‌కు పంపినది. అతడు అక్కడ రెండువేల టన్నులకు పైగా భారతదేశపు సురేకారం కొన్నాడు. అంతలో 'ట్రెంట్' అనే బ్రిటిష్ ఓడ నుండి దక్షిణాది రాయబారులను ఉత్తరాది నౌకాదళం పట్టుకొనడంతో రెండు దేశాల మధ్య యుద్ధమేఘాలు కమ్మినవి. సరుకు ఎగుమతి నిలిచిపోయినది. రాయబారులను విడిచిపెట్టిన పిమ్మట, 1862 ఆరంభంలో గాని అది కదలలేదు. మన పల్లెల మట్టి ఒక అగ్రరాజ్యపు తగాదాలో బేరసారాల వస్తువు కావడం చరిత్ర పాఠాలలో కనబడదు. బ్రాండీవైన్ ఒడ్డున ఆ పాత మరలను హాగ్లీ మ్యూజియంలో నేటికీ చూడవచ్చును. డెలవేర్ వైపు వెళ్ళినవారు తప్పక చూడదగినది.

నిప్పు పుట్టించే పద్ధతిని క్లుప్తంగా చెబుతాను. చెకుముకి తుపాకిలో రాయి ఉక్కు ఫలకను గీస్తుంది. రవ్వలు రాతివి అనుకొంటాము. నిజానికి అవి గాలిలో మండుతున్న ఉక్కు రజను. 1807లో ఫోర్సిత్ అనే స్కాటిష్ మతాచార్యుడు దెబ్బకు పేలే రసాయనాలను తుపాకికి వాడి పేటెంటు పొందాడు. దాని నుండి రాగి టోపీలు వచ్చినవి.

ఇక ప్రమాదం సంగతి. పొగలేని ఆధునిక మందులో ప్రధానమైన నైట్రోసెల్యులోజ్ దానంతట అదే మెల్లమెల్లగా విచ్ఛిన్నమవుతుంది. తుపాకిమందుకు ఆ వృద్ధాప్యం లేదు. పొడిగా ఉన్నంతకాలం దాని శక్తి పోదు. న్యూయార్కు సెంట్రల్ పార్కులో 18వ శతాబ్దపు ఫిరంగి ఒకటి ఉన్నది. 2013 జనవరిలో దాని తుప్పు వదలిస్తుండగా లోపల గుండు, సుమారు 800 గ్రాముల మందు కనబడినవి! పోలీసులు వచ్చి తొలగించవలసి వచ్చినది.

కనుక పాత తుపాకి ఇంటికి రాగానే మొదటి పని పరీక్ష. చేతులు, ముఖము మూతికి ఎదురుగా ఉండకుండా ఒక సన్నని కొయ్య కడ్డీని గొట్టంలోనికి మెల్లగా జార్చండి. మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటకు తీసి, అదే కడ్డీని గొట్టం వెలుపల ఆనించి చూడండి. కడ్డీ కొన గొట్టం అడుగున నిప్పు చొరబడే రంధ్రం దాకా చేరాలి. రెండు మూడు అంగుళాలు తక్కువైతే లోపల ఏదో ఉన్నదన్నమాట. మీరు తీయబోకండి, పాత తుపాకుల పని తెలిసిన నిపుణునికి ముందుగా ఫోను చేయండి.

పాతదానిని దాచుకొని, కొత్తగా చేసిన నకలును పేల్చడం ఉత్తమమని నా అభిప్రాయం. వందేళ్ళ తుప్పు తిన్న ఇనుము బలం కంటికి కనబడదు. ఇటలీలోని గార్డోనేలో తయారయ్యే నకళ్ళపై ఒత్తిడి పరీక్ష ముద్రలు ఉంటాయి. భారతదేశం నుండి వచ్చే నకళ్ళు కొన్ని నిప్పు రంధ్రం తొలచకుండానే అమ్ముడవుతున్నవి. అవి గోడకే పరిమితం, పరీక్ష చేయించనిదే పేల్చరాదు. పొగలేని మందును ఈ తుపాకులలో చిటికెడైనా వాడరాదు. ఒత్తిడి అనేక రెట్లు పెరిగి గొట్టం చేతిలోనే పగులుతుంది. 1898 వరకు తయారైనవాటికి, ఈ తరహా నకళ్ళకు 1968 నాటి కేంద్ర చట్టం చాలావరకు మినహాయింపు ఇచ్చినది గాని, రాష్ట్రాల నిబంధనలు వేరు. కొనేముందు విచారించండి.

పాత గొట్టం మీది గోధుమ రంగును ఉక్కుపీచుతో తోమి మెరిపించరాదు. చాలా గొట్టాలకు ఆ రంగు పనివాడు కావాలని పట్టించిన తుప్పే. లోపలి ఇనుమును అదే కాపాడుతుంది. తోమితే కవచమూ పోతుంది, ధరా పోతుంది.

పేల్చిన తరువాత కథ వేరు. 1875లో నోబుల్, ఏబెల్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు కొలిచి చూపినట్లు, మండిన మందులో సగానికి తక్కువ మాత్రమే వాయువు అవుతుంది. మిగిలినది పొటాషియం కార్బొనేట్, సల్ఫేట్, సల్ఫైడు వంటి ఘనపదార్థం. ఆ తెల్లని పొగ అదే. గొట్టానికి అంటుకొనే మసీ అదే. కార్బొనేట్ గాలిలోని తేమను లాగి, ఇనుము పక్కన ఉప్పునీటి పొరను నిలుపుతుంది. వేసవిలో ఒక్క రాత్రి చాలును, తుప్పు మొదలవడానికి. ఈ లవణాలు నూనెలో కరగవు. నూనె పూస్తే వాటిని భద్రంగా లోపల మూసిపెట్టినట్లే. మందుకు బదులుగా అమ్మే కొన్ని పొడులలో పెర్‌క్లోరేట్ ఉంటుంది. అది క్లోరైడును మిగిల్చి మరింత హాని చేస్తుంది. ఈ రెండింటిలో ఏది వాడినా కడగవలసినది నీటితోనే.

తుపాకి ఖాళీ అని నిర్ధారించుకొని, కొయ్య భాగానికి తడి తగలకుండా గొట్టాన్ని విడదీయండి. కొద్దిగా సబ్బు కలిపిన వేడినీటితో, తడిగుడ్డ నల్లబడనంతవరకు కడగండి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే పిల్లలు కంగారుపడనవసరం లేదు. అది సల్ఫైడు నీటిలో కరగడం వల్ల వెలువడే వాయువు. పూర్తిగా ఆరిన తరువాతనే పలుచగా నూనె. మరునాడు ఒక తెల్లని గుడ్డను లోపలికి దించి చూడండి. ఎర్రగా వస్తే మళ్ళీ నీటితోనే మొదలుపెట్టాలి.