డెమో క్లాసులో పల్లకీ ఊగాలి

ఎం.ఏ. ఇంగ్లిష్ చేసి లెక్చరర్ పోస్టుకు వెళ్లే అభ్యర్థికి డెమోలో దక్కేది పది, పదిహేను నిమిషాలే. అందులో సగం కవి పుట్టిన ఊరికీ బిరుదులకీ పోతుంది. మిగతా సగం గైడులోని సారాంశం మింగేస్తుంది. ఇంతాచేసి పోయెమ్ మాత్రం క్లాసులో ఎవరి చెవినా పడదు.

సరోజినీ నాయుడు ‘పాలంక్విన్ బేరర్స్’నే తీసుకుందాం. 1905లో లండన్‌లో అచ్చయిన ‘ది గోల్డెన్ త్రెషోల్డ్’లోది. పుస్తకం మొత్తం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది. మన చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్ల దాకే కాపీరైట్. ఆమె 1949లో కన్నుమూశారు. కాబట్టి ప్రింటు తీసి పంచినా పేచీ లేదు. కొటేషన్ల సైట్ల నుంచి కాపీ కొట్టడం మాత్రం వద్దు. అక్కడ పంక్తులు ఎక్కడపడితే అక్కడ విరిగి ఉంటాయి, లయ కాస్తా కుంటుతుంది.

అర్థం జోలికి పోకుండా ముందు ఒకసారి పైకి చదవాలి. రెండోసారి చదివేటప్పుడు పిల్లల్ని బల్ల మీద వేళ్లతో తాళం వేయమనాలి. బోయీల నడక ఊపు వాళ్ల వేళ్లకే తెలిసిపోతుంది. ‘అంత బరువు మోస్తూ ఇంత హాయిగా ఎలా పాడుతున్నారు సార్?’ అని వెనక బెంచీ నుంచి ఒక్కడు అడిగితే చాలు, డెమో పండినట్టే. ఆ ప్రశ్నకు తన జవాబేమిటో అభ్యర్థి ఇంటి దగ్గరే ఆలోచించుకుని వెళ్లాలి.

కవి గొంతే వినిపించాలనుకుంటే బ్రిటన్‌వాళ్ల పొయెట్రీ ఆర్కైవ్ ఉంది. ఆండ్రూ మోషన్, రిచర్డ్ కారింగ్టన్ మొదలుపెట్టిన ఈ సైటు 2005లో అందుబాటులోకి వచ్చింది. 1890లో టెన్నిసన్ మైనపు సిలిండర్ మీద చదివిన ‘ది చార్జ్ ఆఫ్ ది లైట్ బ్రిగేడ్’ ఇందులో వినొచ్చు. గరగరల మధ్య మాటలు సరిగా తెలియవు గానీ, గుర్రాల దౌడు తెలుస్తుంది. అర నిమిషం వినిపించి ఆపేయాలి. అంతకు మించితే పిల్లలు కిటికీ వైపు చూస్తారు. ఉచిత ఆడియో పుస్తకాల సైటు లిబ్రివాక్స్‌లో చదివేది స్వచ్ఛంద సేవకులు. ఒక్కొక్కరిది ఒక్కో యాస, అందుకే పూర్తిగా వినకుండా క్లాసుకు తీసుకెళ్లకూడదు. షేక్‌స్పియర్ నాటకాలకు ఫోల్జర్ లైబ్రరీ ఉచితంగా పెట్టిన ప్రతులు నమ్మదగినవి.

యూజీసీ నెట్ పరీక్షకు చదివేవాళ్లు రెండు పేపర్లలోని 150 ప్రశ్నల చుట్టూ తిరుగుతూ కవితను చదవడమే మరిచిపోతారు. వాళ్లకు పెన్సిల్వేనియా యూనివర్సిటీ ప్రొఫెసర్ ఆల్ ఫిల్‌రైస్ 2012లో కోర్సెరాలో మొదలుపెట్టిన ఆన్‌లైన్ కవిత్వ కోర్సు ‘మాడ్‌పో’ మంచి విరుగుడు. దాని వీడియోల్లో కొందరు బల్ల చుట్టూ కూర్చుని ఒకే కవితను మాట మాటా పట్టుకుని చర్చిస్తుంటారు. పాఠం ఎలా నడపాలో చూసి నేర్చుకోవచ్చు.

చివరిగా ఓ చిన్న సంగతి: కాలేజీ వైఫైని నమ్ముకోవద్దు. ఆడియో ముందే ఫోన్లోకి దించుకుని, చిన్న స్పీకర్ సంచిలో వేసుకుని వెళ్లాలి. కరెంటు కూడా పోతే బల్లలు ఎలాగూ ఉంటాయి.