లాబర్‌హార్న్ స్కీ పందెం: ఎక్కడ నిలబడి చూడాలి?

ప్రశ్న: ఆల్పైన్ స్కీ పందేన్ని ప్రత్యక్షంగా చూడదలచిన ప్రేక్షకులు ఎక్కడ నిలబడాలి? ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: స్విట్జర్లాండ్‌లోని వెంగెన్‌లో 1930 నుంచి జరుగుతున్న లాబర్‌హార్న్ పందెం ఇందుకు చక్కని ఉదాహరణ. అక్కడి డౌన్‌హిల్, అంటే కొండపై నుంచి దిగువకు అతివేగంగా జారివచ్చే పోటీ, సుమారు నాలుగున్నర కిలోమీటర్ల పొడవుతో ఆల్పైన్ స్కీ ప్రపంచ కప్‌లోకెల్లా పొడవైనది కావడం వల్ల, ఎక్కడ నిలబడినా అందులో కొంత భాగమే కంటికి కనిపిస్తుంది. హుండ్‌షాప్ఫ్ అనే రాతిగుట్ట వద్ద నిలిచినవారు, క్రీడాకారుడు బండల నడుమనుంచి గాలిలోకి లేచి, శరీరాన్ని ముందుకు వంచి, ఏటవాలు మంచుపై దిగడాన్ని దగ్గరగా చూడగలరు. గట్టి మంచును స్కీల అంచులు కోసుకుపోయే చప్పుడూ వినగలరు. పందెం మొత్తాన్ని, పోటీదారుల సమయాల మధ్య తేడాలను గమనించదలచినవారికి ముగింపు రేఖ వద్దనున్న పెద్ద తెరే అనువైనది.

వెంగెన్‌కు కార్ల రహదారి లేదు గనుక, లౌటర్‌బ్రున్నెన్ నుంచి పళ్లపట్టా రైలులో, అంటే పట్టాల నడుమనున్న పళ్ల కడ్డీని పట్టుకుని కొండెక్కే రైలులో, పెందలాడే చేరుకోవాలి. గంటలకొద్దీ మంచులో నిలబడవలసి ఉంటుంది కాబట్టి పొరలుగా ఉన్ని దుస్తులు, జారని బూట్లు తప్పనిసరి. క్రీడాకారులు గంటకు 150 కిలోమీటర్లకు మించిన వేగాన్నీ అందుకునే ఈ పందెంలో రక్షణ వలలను దాటడం తమకూ క్రీడాకారులకూ ప్రాణాంతకమని ప్రేక్షకులు గుర్తుంచుకోవాలి.