ఎండ ఊరి పిల్లలకు సముద్రపు గాలి పాఠం



వేసవి వచ్చిందంటే వార్తల్లో మన రెంటచింతల పేరు వినబడుతుంది. వాతావరణ శాఖ పరిశీలనా కేంద్రం మన ఊళ్ళో ఉంది కాబట్టి మన ఎండ లెక్క రాష్ట్రమంతటికీ తెలుస్తుంది. 45 డిగ్రీలు దాటిన రోజులు మనకు కొత్తేమీ కాదు. అలాంటి ఊరి హాస్టల్లో చదువుకుని, పి.జి. కోసం విశాఖపట్నం చేరిన వాళ్ళం మేము కొందరం. మా ఇళ్ళల్లో డిగ్రీ చేతికి తీసుకున్న మొదటి వాళ్ళం కూడా మేమే.

వార్షికోత్సవ సంచికకు ఏం రాయాలా అని ఆలోచిస్తే ఒక విషయం తట్టింది. ప్రతి ఏడూ మన పల్నాటి పిల్లల్లో కొందరు సీటు వచ్చి కూడా దూరం పోవడానికి జంకుతారు. "పట్నం డబ్బున్నోళ్ళది, మనకేం ఉంటుందక్కడ?" అంటారు. ఫీజుల సంగతి, స్కాలర్‌షిప్పుల సంగతి చెప్పేవాళ్ళు ఉన్నారు. కానీ తరగతులు అయిపోయాక సాయంత్రం ఎలా గడుస్తుందో, జేబులో పైసా లేని రోజున మనసుకు ఏది ఊరటో ఎవరూ చెప్పరు. బెంగపెట్టుకుని వెనక్కి వచ్చేవాళ్ళు చాలామంది ఆ సాయంత్రాలకు తట్టుకోలేకే వస్తారు. అందుకే సముద్రం పక్కన రోజు ఎలా నడుస్తుందో, దాని వెనక ఉన్న సైన్సుతో సహా ఒక పాఠంగా రాస్తున్నాం.

ఒకే సూర్యుడు, రెండు ఎండలు

ముందు ఒక చిన్న ప్రయోగం. ఒకే కొలత గల రెండు పళ్ళేలు తీసుకోండి. ఒకదాంట్లో పొడి ఇసుక, రెండోదాంట్లో నీళ్ళు పోసి హాస్టల్ ఆవరణలో ఎండలో పెట్టండి. గంట తర్వాత వేలు పెట్టి చూడండి. ఇసుక చురుక్కుమంటుంది, నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి ఒక కెలోరీ వేడి కావాలి. పొడి ఇసుకకు అందులో అయిదో వంతు చాలు. దీన్నే విశిష్టోష్ణం అంటారని ఫిజిక్సులో చదువుకున్నాం. పైగా సముద్రంలో ఎండ లోపలిదాకా దిగుతుంది, అలలు పై నీటినీ కింది నీటినీ కలియబెడతాయి. నేలమీద వేడి పైపొరలోనే ఆగిపోతుంది.

ఇప్పుడు మన ఊరు చూడండి. చుట్టూ సున్నపురాయి నేల, ఇళ్ళకు నాపరాళ్ళు. దగ్గరి సముద్రం బాపట్ల వైపు, సూటిగా కొలిచినా సుమారు 120 కిలోమీటర్లు. ఆ గాలి మనదాకా వచ్చేసరికి దాని చల్లదనం చాలావరకు తగ్గిపోతుంది. మే నెలలో మనకు వీచేది పడమటి నుంచి, వేడెక్కిన నేలల మీదుగా వచ్చే పొడిగాలి. విశాఖపట్నానికి తూర్పున గుమ్మం ముందే సముద్రం. అందుకే అక్కడ మే నెలలో మామూలుగా 35 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. పడమటి గాలి బలంగా వీచి సముద్రపు గాలిని అడ్డుకున్న రోజున మాత్రం అక్కడా 40 దాటుతుంది.

35 అంటే హాయి అనుకోకండి. మన ఎండకు చెమట పట్టగానే ఆరిపోతుంది. అక్కడ గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. చెమట ఆవిరైతేనే ఒళ్ళు చల్లబడుతుంది. కాబట్టి అక్కడ ఉక్కపోతతో చొక్కా వీపుకు అంటుకుపోతుంది. "మీ ఊళ్ళో అంత ఎండలో ఎలా బతుకుతారు?" అని విశాఖ స్నేహితులు మమ్మల్ని అడుగుతారు. "ఈ ఉక్కలో మీరెలా నిద్రపోతారు?" అని మేము వాళ్ళను అడుగుతాం.

గాలి గడియారం

పొద్దెక్కే కొద్దీ నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది. నేలమీది గాలి వేడెక్కి, తేలికై పైకి లేస్తుంది. ఆ చోటును నింపడానికి సముద్రం మీది చల్లని గాలి ఒడ్డుకు వస్తుంది. ఇది సముద్రపు గాలి. రాత్రికి నేల త్వరగా చల్లబడుతుంది కాబట్టి గాలి ఒడ్డు నుంచి సముద్రం మీదికి మళ్ళుతుంది. ఇది నేల గాలి. తెరచాపల రోజుల్లో జాలరులు తెల్లవారకముందే నేల గాలి పట్టుకుని వేటకు వెళ్ళి, మధ్యాహ్నం సముద్రపు గాలితో ఒడ్డుకు తిరిగి వచ్చేవారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో మధ్యాహ్నం వీచే సముద్రపు గాలికి 'ఫ్రీమాంటిల్ డాక్టర్' అని ముద్దుపేరు. ఒళ్ళు కాలే వేళకు వచ్చి ఊరట ఇచ్చేవాడు వైద్యుడే కదా!

విశాఖ దినచర్య చాలావరకు ఈ గాలిని బట్టే నడుస్తుంది. సాయంత్రమైతే ఊరు తూర్పుకు తిరుగుతుంది. రిక్షా తొక్కేవాళ్ళు, ఆఫీసర్లు, పసిపిల్లల తల్లులు, పింఛనుదారులు, మాలాంటి విద్యార్థులు అందరూ రామకృష్ణా బీచ్ గట్టు మీద వరసగా కూర్చుంటారు. ఆ గట్టుకు టిక్కెట్టు లేదు. ముందు వచ్చినవాడిదే చోటు.

ఖర్చు లేని సంతోషాలు

మా అనుభవంలో ఉన్నవాటినే రాస్తున్నాం.

మొదటిది సూర్యోదయం. మనది తూర్పు తీరం, అందుకే సూర్యుడు సముద్రం లోంచి లేస్తాడు, కొండల వెనక అస్తమిస్తాడు. సినిమాలు చూసి సముద్రంలో సూర్యాస్తమయం చూడాలని వచ్చినవాళ్ళకు ఇక్కడ నిరాశే. దానికి బదులు పౌర్ణమి నాడు రండి. ఇటు కొండల వెనక సూర్యుడు దిగే వేళకే అటు నీళ్ళలోంచి చంద్రుడు లేస్తాడు. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో కొంతమేర వాహనాలను ఆపేస్తారు. నడిచేవాళ్ళు రోడ్డంతా తమదే అన్నట్టు నడుస్తారు.

రెండోది మురీ మిక్చర్. మనం బొరుగులనే వాటినే ఉత్తరాంధ్రలో మురీలు అంటారు. ఉల్లిపాయ, పచ్చిమిరప, వేరుశెనగ, నిమ్మరసం కలిపి కాగితం పొట్లంలో పెట్టి ఇస్తారు. గుంటూరు జిల్లా కారం తిన్న మన నాలుకకు "ఇంకొంచెం కారం వేయన్నా" అనక తప్పదు. ఒక్క పొట్లం నలుగురం తింటే గంట కబుర్లు నడుస్తాయి. మాట తీరు కూడా ఒక వినోదమే. మేము "ఏంది?" అంటే వాళ్ళు "ఏటి?" అంటారు. మొదటి నెలలో ఒకరిని చూసి ఒకరం నవ్వుకుంటాం, ఆరో నెలకు మా నోటి నుంచీ "ఏటి" వచ్చేస్తుంది.

మూడోది చేపల రేవు. పడవలు వచ్చే వేళకు వెళితే వంజరం, చందువ, కానాగంత గుట్టలు పోసి వేలం పాడుతుంటారు. కొనకపోయినా చూడవచ్చు. మన సంతలో అమ్మే ఎండు నెత్తళ్ళ వెనక ఎంత కష్టం ఉందో అక్కడ తెలుస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. అప్పుడు పడవలన్నీ రేవులో వరసగా కట్టేసి ఉంటాయి, వలలు బాగుచేసుకునే వాళ్ళు నీడన కూర్చుని ఉంటారు.

నాలుగోది నడుస్తూ చదువుకునే చరిత్ర. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున 1933లో ఓడరేవు ప్రారంభమైంది. ఇక్కడి నౌకా నిర్మాణ కేంద్రంలో తయారైన 'జల ఉష' ఓడను 1948లో నెహ్రూ గారు జలప్రవేశం చేయించారు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విశ్రాంతి పొందిన కుర్సురా జలాంతర్గామిని 2002లో బీచ్ ఒడ్డున మ్యూజియంగా పెట్టారు. లోపలికి టిక్కెట్టు ఉంది, బయట నిలబడి చూడటానికి లేదు. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం, విశ్వవిద్యాలయంలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం కూడా మా సంతోషాల లెక్కలోవే. ఉక్కపోత మధ్యాహ్నం ఫ్యాను కింద పుస్తకం దొరికితే అంతకంటే ఏం కావాలి?

నీళ్ళ దగ్గర జాగ్రత్త

ఇది పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం. మనలో చాలామంది సాగర్ కాలువలోనో, బావిలోనో ఈత నేర్చినవాళ్ళం. ఆ ధైర్యంతో సముద్రంలో దిగకండి. విశాఖ తీరంలో కొన్నిచోట్ల అడుగు ఒక్కసారిగా లోతుకు దిగిపోతుంది. అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు ఒక్కోచోట సన్నని పాయగా కూడి, వేగంగా లోపలికి లాగుతాయి. అటూ ఇటూ అలలు విరుగుతూ మధ్యలో ఒకచోట నీళ్ళు నున్నగా, ప్రశాంతంగా కనిపిస్తే అక్కడే ఆ పాయ ఉండవచ్చు. తెలియనివాళ్ళు అదే మంచి చోటు అనుకుంటారు.

ఆ లాగుడులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదవద్దు, అలసిపోతారు. చెయ్యెత్తి కేక వేయండి. తేలుతూ ఉండండి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, పాయ దాటాక ఒడ్డుకు తిరగండి. ఈత రానివాళ్ళు పాదాలు తడుపుకుని గట్టు మీద కూర్చోవడమే క్షేమం. స్నేహితుడు మునుగుతుంటే గుంపుగా దూకవద్దు. తాడో, కర్రో, తేలే డబ్బానో అందించి, అక్కడి గజ ఈతగాళ్ళనూ జాలరులనూ పిలవండి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ పెద్ద అలల హెచ్చరికలు ఇస్తుంది. అవి ఉన్న రోజున గట్టు కూడా దిగకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఇదే ఒడ్డున తీరం దాటి నగరంలో వేలాది చెట్లను కూల్చింది. చల్లగాలి పంపిన సముద్రమే ఆ గాలినీ పంపింది.

సంతోషపడటం తప్పా?

మాలాంటి వాళ్ళ మనసులో ఒక ముల్లు ఉంటుంది. ఇక్కడ మేము గట్టు మీద గాలి పీలుస్తుంటే అక్కడ అమ్మ మిరపకోతల్లో ఎండకు వంగి ఉంటుంది. 2015 మే నెల వడగాలులకు మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వారిలో ఎందరో కూలి పనికి వెళ్ళక తప్పనివాళ్ళు. అది తలచుకుంటే మురీల పొట్లం కూడా గొంతులో అడ్డుపడుతుంది.

దీని గురించి మేము చాలాసార్లు మాట్లాడుకున్నాం. అమ్మ ఎండను భరించింది మనం కూడా కుములుతూ కూర్చోవాలని కాదు. ఫోనులో "తిన్నావా? నిద్ర పడుతోందా?" అని అడుగుతుందే గానీ "ఎందుకు నవ్వుతున్నావు?" అని ఏ అమ్మా అడగదు. సాయంత్రం ఒక గంట గాలి పీల్చినవాడు రాత్రి మూడు గంటలు చదవగలడు. గదిలో ఒంటరిగా బెంగపడేవాడు పుస్తకం తెరిచినా అక్షరం ఎక్కదు. పైసా ఖర్చులేని సంతోషం చదువుకు అడ్డు కాదు, ఊతకర్ర. అయితే నేర్చుకున్నది ఇంటికి కూడా చేరాలి. మధ్యాహ్నం పని మానుకుని పొద్దున్నే, సాయంత్రం చేసుకోమని, దాహం లేకపోయినా ఉప్పు వేసిన మజ్జిగ తాగమని, తల తిరిగితే వెంటనే నీడకు వెళ్ళి ఒళ్ళు తడుపుకోమని ప్రతి వేసవిలో ఇంటికి ఫోను చేసి చెబుతున్నాం. మీరూ చెప్పండి.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మన ఊరికి రైలుస్టేషను ఉంది. గుంటూరు చేరితే అక్కడి నుంచి విశాఖకు బండి ఉంది. సీటు వస్తే వదులుకోకండి. గట్టు మీద చోటు ఎవరూ కొనుక్కోలేదు, మీకూ ఉంటుంది.

మీరే చేసి చూడండి

1. ఇసుక, నీళ్ళ పళ్ళేలను రాత్రి కూడా ఆరుబయటే ఉంచి, తెల్లవారుజామున తాకి చూడండి. ఏది ఎక్కువ చల్లబడింది? ఎందుకు?
2. మిద్దె మీద అగరువత్తి వెలిగించి పొగ ఎటు పోతుందో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వారం రోజులు రాసుకోండి. మన ఊరి గాలి గడియారం మీకే తెలుస్తుంది.
3. రెంటచింతలలో ఖర్చులేని సంతోషాలు అయిదు రాయండి. వచ్చే ఏడాది సంచికకు అవి మీ నుంచి రావాలి.