కామాకు చోటు చూపేది క్రియ

బడిలో ఇంగ్లీషు పాఠం పైకి చదివేటప్పుడు కామా దగ్గర ఆగమనేవారు. ఆ మాట తిరగబడి, ఊపిరి ఆగినచోటల్లా కామా పెట్టడం చాలామందికి అలవాటైపోయింది. నిజానికి ఇంగ్లీషులో కామా పడేది వాక్యం కట్టుబడిని బట్టి. కాబట్టి ముందు రాయాల్సిందంతా రాసేయండి. తర్వాత పెన్సిల్ పట్టుకుని ఈ వరసలో దిద్దుకోండి.

1. క్రియ కింద గీత గీయండి. కర్తకూ క్రియకూ మధ్య ఒంటరి కామా కనిపిస్తే కొట్టేయండి. ‘ద స్టూడెంట్స్ హూ కేమ్ లేట్, మిస్డ్ ద టెస్ట్’ తప్పు. కర్త ఎంత పొడుగున్నా అక్కడ కామా పడదు.

2. పూర్తి వాక్యాలు రెండున్నాయేమో చూడండి. ‘ద బస్ వజ్ లేట్, వుయ్ మిస్డ్ ద ట్రైన్’లో రెంటికీ సొంత కర్త, క్రియ ఉన్నాయి. వాటిని కలపడానికి కామా ఒక్కటే చాలదు. కామా పెట్టి ‘సో’ చేర్చండి, లేదా ఫుల్‌స్టాప్ పెట్టండి. ‘షీ రోట్ ద లెటర్ అండ్ పోస్టెడ్ ఇట్’లో కర్త ఒక్కరే కనుక కామా అక్కర్లేదు.

3. ఇఫ్, వెన్, బికాజ్‌లతో వాక్యం మొదలైతే ఆ భాగం ముగిసినచోట కామా పెట్టండి: ‘వెన్ ద రెయిన్ స్టాప్డ్, వుయ్ లెఫ్ట్.’ అదే భాగం వెనక్కి వెళితే సాధారణంగా కామా అవసరం ఉండదు.

4. మధ్యలో వచ్చిన మాటలను వేలితో మూసి చదవండి. అవి లేకపోయినా ఎవరి గురించో తెలిస్తే వాటికి రెండు వైపులా కామాలు పెట్టండి. ‘మై బ్రదర్, హూ లివ్స్ ఇన్ గుంటూర్, ఈజ్ ఎ డాక్టర్’ అంటే తమ్ముడు ఒక్కడే, గుంటూరు అదనపు సమాచారం. కామాలు తీసేస్తే తమ్ముళ్లు ఇంకా ఉన్నారనీ, గుంటూరులో ఉండే అతని గురించే చెబుతున్నారనీ అర్థమవుతుంది. ఈ కామాలు జంటగా ఉండాలి. ఒకటి మరిచిపోతే మొదటి మెట్టులోని తప్పే మళ్లీ వస్తుంది.

5. జాబితాలో చివరి కామా దగ్గర, అంటే ‘అండ్’, ‘ఆర్’ల ముందు, నిదానించండి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓవర్‌టైమ్ వర్తించని పనులను చట్టం వరసగా చెప్పింది. ఆ వరస చివర ‘ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్’ అని ఉండేది, అప్పట్లో ‘ఆర్’ ముందు కామా లేదు. ఆ వరసలో పంపిణీ కూడా ఒక విడి పని కనుక తమ డ్రైవర్లకు ఓవర్‌టైమ్ రాదని అక్కడి ఓక్‌హర్స్ట్ డెయిరీ కంపెనీ వాదించింది. చట్టం మినహాయించింది ప్యాకింగ్‌నే, తాము చేసేది పంపిణీ అని డ్రైవర్లు వాదించారు. రెండర్థాలకు చోటుందంటూ 2017లో అప్పీలు కోర్టు డ్రైవర్ల వైపు నిలిచింది. 2018లో కంపెనీ 50 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

6. చివరగా, రాసినదాన్ని పరాయివాళ్లలా చదవండి. అద్దె ఒప్పందమైనా, ఉద్యోగ దరఖాస్తయినా దాన్ని చదివేవాళ్ల పక్కన మనం ఉండం, ఎక్కడ ఆగాలో గొంతుతో చెప్పలేం. ఒక వాక్యానికి రెండర్థాలు తోస్తే కామాతో సరిచేయండి. కామాతో కుదరకపోతే వాక్యాన్నే విడగొట్టి రాయండి.