డీజిల్ పని డీజిల్‌ది, ఎండ పని ఎండది

చిరంజీవి మేనల్లుడికి,

కరెంటు లైను ఇంకా రాని మీ ఇంట్లో, సోలార్ ప్యానెళ్ళున్నా, రాత్రి పదింటి దాకా జనరేటర్ నడిపినా బ్యాటరీ నిండడం లేదని, కొత్త సెట్టు కొనమని దుకాణంలో చెప్పారని ఫోనులో అన్నావు. జర ఆగు. బ్యాటరీలు కొన్నది నిరుడే కదా. నాకు అనుమానం బ్యాటరీల మీద కాదు, నువ్వు జనరేటర్ వేసే వేళ మీద.

లెక్క చూడు. నీవి 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీలు నాలుగు. సిరీస్‌లో కలిపితే 48 వోల్టులు, కాగితం మీద 7.2 యూనిట్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దించితే ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి నీ చేతికొచ్చేది మూడున్నర యూనిట్లే. ఏహెచ్‌లో పదో వంతు, అంటే 15 ఆంపియర్లతో ఛార్జి చేస్తే సగం నుంచి 80 శాతానికి చేరడానికి మూడు గంటల పైచిలుకు చాలు. ఆపైన ఉంది అసలు సంగతి. కడుపు చాలావరకు నిండే దాకా గబగబా తిని, తర్వాత ఒక్కో ముద్దా నములుతూ కూర్చునే మనిషి లాంటిది బ్యాటరీ. సెట్టు వోల్టేజీ 57 దాటాక అది తీసుకునే కరెంటు పదికి, ఐదుకి, మూడుకి పడిపోతుంది. ఆ ఆఖరి 20 శాతానికే నాలుగైదు గంటలు పడుతుంది. నువ్వు ఇంకా పెద్ద జనరేటర్ తెచ్చినా అది తొందరపడదు.

ఆ నాలుగైదు గంటలూ నీ 5 కేవీఏ ఇంజను ఏం చేస్తోంది? మొదట్లోనే బ్యాటరీకి ఇచ్చేది 850 వాట్లు. చివరికొచ్చేసరికి రెండు వందలు. అంత తక్కువ లోడు మీద డీజిల్ ఇంజను నడిస్తే నూనె పూర్తిగా కాలదు, సైలెన్సర్‌లో మసి పేరుకుంటుంది. 2012, 13లలో పవర్ హాలిడేలప్పుడు పటాన్‌చెరు, పాశమైలారం షెడ్లలో జనరేటర్ల మీద బతికినవాళ్ళను అడుగు. ఖాళీగా తిరిగే జనరేటర్ ఎంత తాగుతుందో వాళ్ళకు బాగా తెలుసు.

ఇకనుంచి సాయంత్రం దాని జోలికి పోకు. పొద్దున ఆరింటికి వెయ్యి. రాత్రంతా వాడి ఉంటావు కాబట్టి బ్యాటరీ ఆకలి మీద ఉంటుంది, ఇచ్చిన కరెంటంతా తీసుకుంటుంది. బోరు మోటారు, గ్రైండర్, వాషింగ్ మెషిన్ అన్నీ ఆ మూడు గంటల్లోనే కానిచ్చెయ్. ఇంజనుకూ తగిన లోడు దొరుకుతుంది. బోరు మోటారు స్టార్టింగులో లాగే కరెంటు బ్యాటరీ మీద పడదు. తొమ్మిది దాటగానే ఆపెయ్. మిగతాది ఎండ చూసుకుంటుంది.

ముసురు పట్టినప్పుడు ఎండెక్కడిది అంటావు. నీ 3 కిలోవాట్ల ప్యానెళ్ళు మబ్బు రోజున వెయ్యి వాట్లు ఇవ్వలేకపోవచ్చు, రెండు మూడు వందలు మాత్రం ఇస్తాయి. ఆఖరి 20 శాతానికి కావలసింది ఆ కాస్తే. సాయంత్రమే డీజిల్‌తో నింపేస్తే మర్నాడు ఎండ బాగా కాసిన రోజున పదకొండింటికల్లా బ్యాటరీ నిండిపోయి, ప్యానెళ్ళు ఊరికే కూర్చుంటాయి. పొద్దునైతే ఆకాశం చూసి, అసలు జనరేటర్ వెయ్యాలా వద్దా అని తేల్చుకోవచ్చు.

అలాగని రోజూ 80 దగ్గరే వదిలెయ్యొద్దు. వారానికి ఒక్కసారైనా పూర్తిగా నిండాలి. లేకపోతే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, దాన్ని మళ్ళీ కరిగించడం కష్టం. ముసురు రోజుల్లో ఇన్వర్టర్ తెర మీది శాతం అంకెను నమ్మకు, హైడ్రోమీటర్‌తో చూడు. నిండా ఛార్జయిన ట్యూబ్యులర్‌లో 1240 దగ్గర ఉండాలి. ఒక సెల్ మిగతావాటికంటే 30 పాయింట్లు వెనకబడితే ఈక్వలైజ్ చెయ్యాలి. అప్పుడు కిటికీ తెరిచి ఉంచు, దగ్గర అగ్గిపుల్ల గీయనివ్వకు. బయటికొచ్చేది హైడ్రోజన్.

బ్యాటరీలను మెట్ల కింద పడమటి గోడకు ఆనించి పెట్టావు. అది నాకు నచ్చలేదు. మే నెలలో అక్కడ 42 డిగ్రీలు దాటుతుంది. వేడి పెరిగితే ఛార్జింగ్ వోల్టేజీ తగ్గాలి. 25 డిగ్రీల దగ్గర ఒక్కో బ్యాటరీకి 14.4 ఇస్తే, 40 దగ్గర 14 చాలు. నీ ఇన్వర్టర్‌కి టెంపరేచర్ సెన్సర్ లేకపోతే వేసవిలో చేత్తోనే తగ్గించు. లేదంటే డిస్టిల్డ్ వాటర్ పోస్తూనే ఉంటావు.

ఇన్వర్టర్ జనరేటర్‌ను పట్టుకోవడం లేదన్నావు కదా, యూపీఎస్ మోడ్ నుంచి ఏపీఎల్‌కి మార్చి చూడు. వోల్టేజీ హెచ్చుతగ్గుల్ని అది కాస్త ఓర్చుకుంటుంది. మీ ఇస్నాపూర్ వెంచరుకి లైను వచ్చిన రోజున మాత్రం ముందు చేంజోవర్ స్విచ్ పెట్టించు, తర్వాతే మిగతావి. నీ జనరేటర్ కరెంటు వెనక్కి లైన్లోకి పోతే స్తంభం మీదున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. లైను వచ్చాక పీఎం సూర్యఘర్ పథకానికి పెట్టుకుంటే 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ ఉంది. కానీ బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సిస్టమ్ కరెంటు పోయిన క్షణమే ఆగిపోతుంది. ఉన్న బ్యాటరీల్ని తొందరపడి అమ్ముకోకు.

ఎప్పటికైనా ఇవి నిజంగానే పోతే పాత సామాన్ల బండికి వెయ్యకు. వాళ్ళు పగలగొట్టి సీసం తీసుకుని యాసిడ్ మోరీలో పోస్తారు. నక్కవాగు, దాని వెంట మంజీర ఇప్పటికే పడ్డది చాలు. 2022 నాటి నిబంధనల ప్రకారం బ్యాటరీ తయారుచేసినవాళ్ళే పాతవి వెనక్కి తీసుకోవాలి. డీలరుకే ఇచ్చి, పాతవాటి ధర కొత్త బిల్లులో తగ్గించుకో.

వచ్చే ఆదివారం హైడ్రోమీటర్ తీసుకుని నేనే వస్తున్నా. శనివారం పగలంతా ఎండకు నిండనివ్వు, అప్పటిదాకా ఏ సెల్‌లోనూ నీళ్ళు పొయ్యకు. ప్లేట్లు బయటపడ్డ సెల్ ఉంటే మాత్రం అవి మునిగేంత పొయ్యి, అంతే.

మీ మామ,
సంగారెడ్డి