అత్త మీది కోపం దుత్త మీద: 1962 జకార్తా ఫైనల్లో గ్యాలరీ

1962 సెప్టెంబరు 4, జకార్తా. కొత్తగా కట్టిన సెనయన్ స్టేడియంలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్. ఒకవైపు భారత్, ఇంకోవైపు దక్షిణ కొరియా. గ్యాలరీల్లో దగ్గరదగ్గర లక్షమంది జనం. ఆడుతున్న రెండు జట్లలో ఇండోనేషియా లేదు కాబట్టి, మామూలు లెక్కలో ఆ లక్షమందికి ఎవరు గెలిచినా పోయేదేం లేదు. తీరా చూస్తే మన జాతీయగీతం మొదలవగానే స్టేడియం గేలి చెయ్యడం మొదలుపెట్టింది. పాట ఆ గోలలో మునిగిపోయింది. ఆట మొదలయ్యాక కూడా అంతే, బంతి మనవాళ్ళ కాలికి చేరిందంటే చాలు, మళ్ళీ అదే గోల.

ఎందుకలా అరిచారు? ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్న గురించే. ఫుట్‌బాల్ రూల్స్ తెలియకపోయినా పర్లేదు. అత్త మీది కోపం దుత్త మీద చూపించడం అనే సామెత తెలిస్తే చాలు. (దుత్త అంటే చిన్న కుండ. హాస్టల్ మెస్సులో పెరిగిన మన తరానికి ఇది చెప్పక తప్పదు.)

అసలు కథలోకి వెళ్ళేముందు మాటల సంగతి కొంచెం చూద్దాం. మనది సాహిత్య క్లబ్బు కదా. మ్యాచ్ రిపోర్టుల్లో ‘ప్రేక్షకుల హర్షధ్వానాల మధ్య’ అనే ముక్క తరచూ కనబడుతుంది. గోల్ పడినా హర్షధ్వానాలే, కప్పు ఎత్తినా హర్షధ్వానాలే. జనం చేసే చప్పుడుకి తెలుగులో ఇంతకన్నా చాలా పేర్లున్నాయి. కేరింత వేరు, కేక వేరు, ఈల వేరు, ఊళ వేరు, హాహాకారం వేరు, గేలి వేరు. కేరింతకి ఎదురుగా ఎవరూ ఉండక్కర్లేదు, ఆనందం పొంగితే దానంతటదే వస్తుంది. గేలి అలా కాదు. గేలి చెయ్యాలంటే ఎదురుగా ఒకడుండాలి. ఉత్తరం లాగా దానికో చిరునామా ఉంటుంది. అభిమానుల స్పందన మీద ఏ వార్త చదివినా ముందు అడగాల్సింది, ఈ అరుపు ఎవరి చిరునామాకి వెళ్తోంది అని. జకార్తాలో ఆ చిరునామా మన పదకొండు మందిది కాదు. ఆ చిరునామా మనిషి ముందురోజే ఊరు దాటేశాడు.

ఆయన పేరు గురుదత్ సోంధీ. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో సభ్యుడు. ఆసియా క్రీడలు అనే ఆలోచనను నిలబెట్టినవాళ్ళలో ఒకడు. ఆ ఏడాది ఆతిథ్యమిచ్చిన ఇండోనేషియా రెండు సభ్య దేశాలను, అంటే ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ, రానివ్వలేదు. అరబ్ దేశాల ఒత్తిడి ఒకవైపు, చైనా ఒత్తిడి ఇంకోవైపు. వీసాలు ఇవ్వలేదు, ఆ రెండు జట్లు రాలేదు. సభ్యులందర్నీ పిలవకుండా జరిపే వాటిని ఆసియా క్రీడలు అని ఎలా అంటాం, ఆ పేరు తీసెయ్యాలి అని సోంధీ పట్టుబట్టారు. నియమం ప్రకారం ఆయన వాదనలో తప్పేం లేదు. కానీ స్వతంత్రం వచ్చి పుష్కరం దాటి కొద్దికాలమే అయిన దేశం, స్టేడియం కట్టుకుని, ఖండాన్ని ఇంటికి పిలిచి పండగ చేసుకుంటుంటే, అతిథి లేచి ఇది పెళ్ళే కాదు అన్నట్టయింది. సెప్టెంబరు 3న జకార్తాలో జనం భారత రాయబార కార్యాలయం మీద పడ్డారు. సోంధీ ఆరోజే దేశం వదిలి వెళ్ళిపోయారు.

మర్నాడు ఫైనల్. అత్త వెళ్ళిపోయింది, దుత్త మిగిలింది.

ఇక ఆ దుత్త ఎవరో చూడండి. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాదీ. బడిలో పాఠాలు చెప్పుకునే మనిషి. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన శిక్షణలో వచ్చినవే. జకార్తా నాటికి ఆయనకు క్యాన్సర్. జట్టులో తుళసీదాస్ బలరాం సికింద్రాబాద్ వాడు, యూసుఫ్ ఖాన్ హైదరాబాద్ వాడు, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ పుట్టింది హైదరాబాదులో. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఆరేళ్ళు కూడా నిండలేదు. భారత ఫుట్‌బాల్ అంటే బెంగాల్ అనుకునే మనం ఈ వరస ఒకసారి గుర్తుపెట్టుకోవాలి.

టోర్నమెంట్ కూడా సాఫీగా సాగలేదు. మొదటి మ్యాచ్‌లోనే ఇదే కొరియా చేతిలో 0-2తో ఓడారు. థాయ్‌లాండ్ మీద 4-1తో గెలిచారు కానీ ఆ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్ మీద 2-0. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2, ఊపిరి బిగబట్టించే తేడా. రహీం చేసిన చిత్రం ఏమిటంటే, కుట్లతో ఉన్న జర్నైల్‌ని వెనక నుంచి తీసి ముందు వరసలో పెట్టారు. డిఫెండర్ స్ట్రైకరయ్యాడు. సెమీస్‌లో గోల్ కొట్టాడు కూడా.

ఫైనల్లో పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ గోల్. ఇరవయ్యో నిమిషంలో జర్నైల్ సింగ్, అదే కుట్ల తలతో, రెండోది. మామూలు ఫైనల్లో అయితే మూడు నిమిషాల్లో రెండు గోల్స్ పడ్డాక తటస్థంగా ఉన్న జనం గెలిచేవాడి వైపు ఒరుగుతారు. ఇక్కడ ఒరగలేదు. ఎనభై అయిదో నిమిషంలో కొరియా ఒకటి కొట్టింది. మిగిలిన అయిదు నిమిషాలు మనవాళ్ళు అంత గోలలో కాచుకోవాలి. కాచుకున్నారు, 2-1.

ఆరోజు స్టేడియంలో భారత్ కోసం గొంతు చించుకున్న గుంపు ఒకటుంది. మన ఆటగాళ్ళు తర్వాత సంవత్సరాల్లో మళ్ళీమళ్ళీ చెప్పుకున్న సంగతిది: పాకిస్తాన్ హాకీ జట్టు. అవే క్రీడల్లో హాకీ ఫైనల్లో మనల్ని ఓడించి స్వర్ణం తీసుకున్నవాళ్ళు. లక్షమంది ఒకవైపు ఊళలు పెడుతుంటే, వీళ్ళు మన పేర్లు పెట్టి పిలిచి చప్పట్లు కొట్టారు. దేశాల మధ్య లెక్క చూస్తే అసలు గేలి చెయ్యాల్సింది వీళ్ళు. కానీ వాళ్ళూ ఆటగాళ్ళే. మైదానంలో నిలబడ్డవాడికి, ఎదుటి గోల ఎవరి మీదో, ఎవరి మీద పడుతోందో మిగతావాళ్ళకన్నా ముందు తెలుస్తుందేమో.

కళింగపట్నం తీరం వైపు వాళ్ళకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి బోట్ల మీద పనిచేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్ళినవాళ్ళు సముద్రంలో పాకిస్తాన్ అధికారులకు చిక్కారు. 2020 జనవరిలో ఇరవై మంది వాఘా దగ్గర సరిహద్దు దాటి ఇంటికొచ్చారు. నీళ్ళ మీద గీత ఎక్కడుందో రెండు ప్రభుత్వాలకి పేచీ, జైల్లో కూచున్నది మావోళ్ళు. ఏటి చేస్తారు? దుత్తకి నోరుండదు.

కళింగపట్నానికి, ఇండోనేషియాకి మధ్య ఇంకో పాత దారం కూడా ఉంది. వంశధార సముద్రంలో కలిసేచోట ఉన్న మా రేవు నుంచి, ఈ కళింగ తీరమంతటి నుంచి ఒకప్పుడు ఓడలు జావా, సుమత్రాల వైపు వెళ్ళేవి. కాస్త పైకి వెళ్తే నదీ తీరాన శాలిహుండం బౌద్ధ స్తూపాలు, ఆ రోజుల రద్దీకి గుర్తు. అక్కడి భాషల్లో దక్షిణ భారతం నుంచి వచ్చినవాళ్ళని పిలిచే ‘కెలింగ్’ అనే మాట కళింగ నుంచి పుట్టిందే. మొదట ఊరిపేరు, ఓడ దిగిన వర్తకుడి పేరు. కాలం గడిచేకొద్దీ మలేషియాలో అది తిట్టయి కూచుంది. మాట ఒకటే, చిరునామా ఒకటే, స్వరం మారింది. అక్షరం మారకుండా పలకరింపు గేలిగా ఎలా మారుతుందో చెప్పడానికి భాషాశాస్త్రం క్లాసులో ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

జకార్తాను ఒక్కదాన్నే చూస్తే చివరి మ్యాచుల్లో జనం ఎప్పుడూ ఇంతే అనిపిస్తుంది. పక్కన 1950 జులై 16 పెట్టి చూడండి. రియో డి జనీరోలో మరకానా స్టేడియం, ప్రపంచకప్ ఆఖరి మ్యాచ్. బ్రెజిల్‌కి డ్రా అయినా చాలు. ఉరుగ్వే 2-1తో గెలిచింది. లక్షా డెబ్భై వేలకు పైగా జనం ఉన్నచోట నిశ్శబ్దం. దాన్ని హాహాకారం అనడానికి కూడా లేదు. నిశ్శబ్దానికి చిరునామా ఉండదు కదా అనుకుంటాం. కానీ తర్వాత వెతుక్కుని మరీ రాసుకున్నారు, గోల్‌కీపర్ బార్బోసా పేరు. 2000లో చనిపోయేదాకా ఆ ఒక్క మధ్యాహ్నం ఆయన్ని వదల్లేదు. ఇక్కడ కోపం బయటివాడి మీద కాదు, సొంతింటి మనిషి మీద. నా దృష్టిలో జకార్తా గేలికన్నా ఇదే క్రూరం. గేలి తొంభై నిమిషాల్లో అయిపోయింది, ఇది యాభై ఏళ్ళు నడిచింది.

అటు 2022 డిసెంబరు 18 రాత్రి సంగతి మీలో చాలామందికి తెలుసు. లుసైల్‌లో అర్జెంటీనా, ఫ్రాన్స్ 3-3, పెనాల్టీల్లో 4-2. కేరళలో కోళికోడ్ దగ్గర పుళ్ళావూరులో ఏకంగా నదిలో మెస్సీ, నెయ్‌మార్, రొనాల్డోల కటౌట్లు నిలబెట్టారు. మన దేశం ఆడని కప్పులో మనకి ఎవరి మీదా పాత బాకీ లేదు, అందుకే అంత హాయిగా కేరింతలు కొట్టగలిగాం. సొంత జట్టు లేనివాడి అభిమానం అంత తేలిక. మన తెలుగు హీరోల ఫ్యాన్ వార్‌ల దగ్గరికొచ్చేసరికి ఆ హాయి ఎక్కడికి పోతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అక్కడ పోస్టర్ మీద పడే పేడకి కూడా చిరునామా పోస్టర్‌లో ఉన్నవాడిది కాదు, పక్క వీధివాడిది.

జకార్తా కథ మిగతాది త్వరగా చెప్పేస్తాను. ఒలింపిక్ కమిటీ ఇండోనేషియాను సస్పెండ్ చేసింది. సుకర్ణో 1963 నవంబరులో అదే ఊళ్ళో గానెఫో అని సొంతంగా పోటీలు పెట్టుకున్నారు. రహీం ఆ ఏడాదే జూన్ 11న చనిపోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకి ఆ తర్వాత ఇప్పటిదాకా రాలేదు. 2018లో ఆసియా క్రీడలు మళ్ళీ జకార్తాకి వచ్చాయి. ఆరంభోత్సవం ఆ స్టేడియంలోనే, ఇప్పుడు దాని పేరు గెలోరా బుంగ్ కర్నో. భారత బృందం జెండా పట్టుకుని నడిచింది. ఫుట్‌బాల్ జట్టు మాత్రం అందులో లేదు. ఆసియాలో మొదటి ఎనిమిది ర్యాంకుల్లో లేదని భారత ఒలింపిక్ సంఘం పంపలేదు. మన ఫుట్‌బాలర్లని చూసి ఇంకోలా అరిచే అవకాశం ఆ గ్యాలరీకి రాలేదు.